రూ.24 వేల ఉద్యోగమా, ఆడిటర్ ఆఫీసా?

ప్రశ్న: మాది కాకినాడ. బీకాం కంప్యూటర్స్ పూర్తిచేశాను. హైదరాబాద్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీ నెలకు రూ.24 వేలు ఇస్తానంది. మొదట మూడు నెలల శిక్షణ, ఆపై రెండేళ్ల బాండు. మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి. హాస్టల్‌కు, తిరగడానికి నెలకు రూ.9 వేలు అవుతుందని అంచనా. మా ఊళ్లోనే ఒక ఆడిటర్ గారు రూ.10 వేలకు రమ్మంటున్నారు. కంపెనీ ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ అధికారి ‘ఉద్యోగులే మా మానవ మూలధనం’ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్న కంపెనీలోనే చేరమంటున్నారు. అసలు మానవ మూలధనం అంటే ఏమిటి? నేను ఎటు వెళ్లాలి?

జవాబు: ఆ మాట ఇంటర్వ్యూల్లో మర్యాద కోసం చాలామంది అంటారు. దాన్ని నమ్ముకుని ఉద్యోగం ఎంచుకోనక్కర్లేదు. ఆర్థికశాస్త్రంలో మాత్రం దాని వెనుక గట్టి లెక్క ఉంది. మీకు అది పనికొస్తుంది.

చదువు, పనిలో అబ్బిన నేర్పు, అనుభవం, ఆరోగ్యం... మనిషి సంపాదించే శక్తిని పెంచేవన్నీ మానవ మూలధనమే. 1776లోనే ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ దేశ స్థిర మూలధనంలో యంత్రాలు, భవనాలతో పాటు ప్రజలు నేర్చుకున్న విద్యలనూ కలిపి చూపాడు. 1960లో అమెరికా ఆర్థికవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా థియోడర్ షుల్జ్ ఇదే అంశంపై ప్రసంగించాడు. మనుషుల మీద పెట్టుబడి అంటే ఏమేమిటో ఆయన ఐదుగా చెప్పాడు: ఆరోగ్యం, పనిలో శిక్షణ, బడి చదువు, పెద్దలకు నేర్పే చదువులు, మంచి పని కోసం ఊరు మారడం. మీరు హైదరాబాద్ హాస్టల్‌కు కట్టబోయే డబ్బు కూడా ఈ ఐదో పద్దు కిందికే వస్తుంది. అది వట్టి ఖర్చని అనుకోనక్కర్లేదు. అయితే ఆ పెట్టుబడికి తిరిగి ఏం వస్తుందో మాత్రం అడగాలి.

బీకాం చదివారు కాబట్టి ఇంకో మాట. కంపెనీ యంత్రం కొంటే ఆస్తుల పట్టికలో చూపుతుంది. మీకు శిక్షణ ఇస్తే ఆ ఖర్చును అదే ఏడాది లాభనష్టాల ఖాతాలో రాసేస్తుంది. ఎందుకంటే యంత్రం రాజీనామా చేయదు, మీరు చేయగలరు. ఇన్ఫోసిస్ ఒకప్పుడు తన వార్షిక నివేదికల్లో ఉద్యోగుల విలువను లెవ్, ష్వార్జ్ అనే ఇద్దరి పద్ధతిలో లెక్కకట్టి అచ్చువేసేది. ఆ అంకె కూడా అదనపు సమాచారంగానే ఉండేది, ఆస్తుల్లో కలిసేది కాదు. అంటే హెచ్‌ఆర్ అధికారి ‘మా మూలధనం’ అన్నది నిజానికి మీ సొత్తు. మీరు గేటు దాటితే అది మీతోనే బయటికి వస్తుంది.

మరి మీతో వచ్చేసే దాని మీద కంపెనీ డబ్బు ఎందుకు పెడుతుంది? 1964లో ఆర్థికవేత్త గ్యారీ బెకర్ రాసిన ‘హ్యూమన్ క్యాపిటల్’ అనే పుస్తకంలో దీనికి జవాబు ఉంది. ఆయన శిక్షణను రెండు రకాలుగా విడదీశాడు. ఎక్కడికి వెళ్లినా పనికొచ్చేది ఒకటి, ఆ ఒక్క సంస్థలోనే పనికొచ్చేది మరొకటి. మొదటి రకం నేర్పిస్తే రేపు వేరే వాళ్లు ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతారు. అందుకే సంస్థ ఆ ఖర్చు తాను మోయదు. తక్కువ జీతం రూపంలో నేర్చుకునేవాడి చేతే పెట్టిస్తుంది. రెండో రకం ఖర్చును సంస్థ, ఉద్యోగి పంచుకుంటారు. మనిషి మానేస్తే సంస్థకు నష్టం కాబట్టి, బయటకంటే కాస్త ఎక్కువ జీతమిచ్చి నిలుపుకుంటుంది.

ఇప్పుడు మీ రెండు ఉద్యోగాలూ చూడండి. ఆడిటర్ గారి రూ.10 వేలు చూసి నాన్నగారికి చిన్నతనం అనిపించి ఉండవచ్చు. కానీ అక్కడ పని ఎలా ఉంటుంది? నెలనెలా 7వ తేదీలోపు క్లయింట్ల చేత టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను) కట్టించాలి, 11లోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను) వేయాలి. 14న జీఎస్‌టీఆర్-2బి (సరుకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జాబితా) వస్తుంది. క్లయింటు షాపు కొనుగోళ్ల పుస్తకంలో ఉన్న బిల్లు అందులో కనపడదు. సరుకు అమ్మిన వ్యాపారికి ఫోన్ చేసి ‘మీరు మా బిల్లు ఎక్కించలేదు’ అని చెప్పి, అతను సణుగుతుంటే ఓపికగా ఒప్పించి, 20లోపు జీఎస్‌టీఆర్-3బి (ఆ నెల పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను) పూర్తి చేయాలి. నిజంగా ఈ పనులు చేయిస్తే, ఏడాది తిరిగేసరికి కాకినాడలోనైనా, హైదరాబాద్‌లోనైనా, పుణేలోనైనా మీకు పని దొరుకుతుంది. ఇది బెకర్ చెప్పిన మొదటి రకం.

దానికి మీరు చెల్లించే ధర ఎంత? 24 వేలలో 9 వేలు పోతే మిగిలేది 15 వేలు. తేడా నెలకు 5 వేలు, ఏడాదికి 60 వేలు. (ఆ 24 వేలు చేతికొచ్చేవా, పీఎఫ్ వగైరా కోతలకు ముందువా అన్నది ముందు కనుక్కోండి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది.) 60 వేల ఫీజు కట్టి ఒక కోర్సు చేసినట్టు అనుకుంటే, నాకు ఇది ఖరీదుగా తోచడం లేదు. ఇంట్లో అప్పులు తీర్చాల్సి ఉండి, ఆ 5 వేలే కీలకమైతే మాత్రం నా సలహా పక్కన పెట్టేయండి.

కంపెనీని ఒక ప్రశ్న అడగండి: మూడు నెలల్లో నేర్పేది ఏమిటి? రుణ దరఖాస్తుల పరిశీలన, రిస్కు అంచనా లాంటివైతే అవి రేపు ఏ బ్యాంకులోనైనా చెల్లుతాయి. అప్పుడు బాండు అడగడంలో న్యాయం ఉంది, మీకూ లాభమే. అలా కాక వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్‌లో వివరాలు ఎక్కించడం, బకాయిదారులకు ఫోన్లు చేయడం వరకే అయితే, నేర్చుకున్నది బయట అంతగా చెల్లదు, మీరేమో రెండేళ్లు కదలలేరు. ఆ రెండూ కలిస్తే మీకు మిగిలేది తక్కువ.

‘బాండ్లు కోర్టులో నిలవవులే’ అనే మాట నమ్మి సంతకం చేయకండి. మూడేళ్లలోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రతి బాండూ అలాగే చెల్లుతుందని కాదు గానీ, సంతకం చేస్తే కట్టాల్సి రావచ్చని తెలిసే చేయాలి.

నా మొగ్గు ఆడిటర్ ఆఫీసు వైపే, ఒక షరతు మీద. అక్కడ ఏడాదిగా పనిచేస్తున్న వారితో విడిగా మాట్లాడండి. రిటర్నులు వాళ్ల చేత వేయిస్తున్నారో, ఫైళ్లు మోయించి జిరాక్సులు తీయిస్తున్నారో తెలిసిపోతుంది. రెండోదైతే ఆ 10 వేలు కూడా దండగే, ఊళ్లో ఇంకో ఆఫీసు చూసుకోండి. ఎక్కడ చేరినా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి. చూపించి, జిరాక్స్ ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి.