పథకాలు కాగితం మీద ఒకలా, ఊళ్లో మరోలా ఎందుకు అమలవుతాయి?

కింది స్థాయి సిబ్బంది నిర్లక్ష్యమే దీనికి కారణమా అని కూడా ప్రశ్నలో అడిగారు. కాదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు పాటిస్తే సగం పథకాలు అవసరమైన మనిషి దాకా చేరనే చేరవు. తెలంగాణలో ఒక పల్లెలో చాలా ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట సంపూర్ణ భోజనం: అన్నం, పప్పు, కూర, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. దాంతోపాటు ఐరన్ మాత్ర. అయితే అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి, అక్కడే కూర్చుని తినాలి. ఆ షరతు పెట్టినవారిని నేను తప్పుపట్టను. ఇంటికి పంపితే గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో మాకూ తెలుసు.

కానీ పత్తి ఏరే రోజుల్లో కూలీల ఆటో పొద్దున్నే ఊరు దాటుతుంది. కేంద్రంలో వంట పూర్తయ్యేది మధ్యాహ్నానికి. ఏడో నెల గర్భిణి ఒకామె కొన్నాళ్లుగా రావడం మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే, "ఒక పూట అన్నం కోసం రోజు కూలి పోగొట్టుకోమంటారా టీచర్?" అంది. మాకిచ్చిన శిక్షణలో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఆయా, నేను కలిసి ఒక దారి ఆలోచించాం. ఆటో మా కేంద్రం మీదుగానే వెళ్తుంది. ఆయా పెందలాడే వచ్చి గుడ్లు ఉడికించి, పాలు కాచి ఉంచేది. ఆటో ఆగగానే గుడ్డు పొట్టు తీసి ఆమె చేతిలో పెట్టేవాళ్లం. పొట్టు తీయడం చిన్న విషయంలా కనిపిస్తుంది, నిజానికి కిటుకంతా అందులోనే ఉంది. పొట్టుతో ఇస్తే కొంగున ముడివేసుకుని సాయంత్రం కొడుక్కి పెడుతుంది. పొట్టు తీసిన గుడ్డును దాచడం కుదరదు, అప్పుడే తినాలి. మొదటిరోజు, "మావాడికి సగం ఉంచుతాను టీచర్" అంది. "వాడికి మధ్యాహ్నం నేనిక్కడ పెడతానమ్మా, ఇది నీ కడుపులో ఉన్న బిడ్డది, తిను" అన్నాను. తిన్నది. ఐరన్ మాత్ర పాలతో కలిపి వేస్తే ఒంటికి సరిగా పట్టదు. అందుకని మాత్రలు ఆమె అత్తగారికి అప్పగించి, రాత్రి అన్నం తిన్నాక వేయించమన్నాం. అన్నం, పప్పు ఆ పెద్దావిడే మధ్యాహ్నం గిన్నెలో తీసుకెళ్లేది. అలా ఆమె తొమ్మిదో నెల దాకా గుడ్డు, పాలు తప్పకుండా తీసుకుంది.

తర్వాత తనిఖీ వచ్చింది. మధ్యాహ్నం వచ్చిన అధికారి రిజిస్టరులో పేర్లు లెక్కపెట్టి, చాప మీద కూర్చున్నవారిని లెక్కపెట్టి, "ఈమె ఏదమ్మా?" అన్నారు. ఉన్నదంతా చెప్పాను. "రాలేదు కదా, గైర్హాజరు వేయండి" అన్నారు. గైర్హాజరు వేస్తే ఆమె పేరు మీద ఇచ్చిన గుడ్డుకు లెక్క ఉండదు. హాజరు వేస్తే కూర్చుని తిన్నదని అబద్ధం రాసినట్టు. మూడో గడి రిజిస్టరులో లేదు.

నాకు అసలు బాధ అక్కడే. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒక టీచరు ఇలాంటి ఏర్పాటు చేసుకుంటూనే ఉంటుంది, కానీ రిజిస్టరులో మాత్రం అందరూ వచ్చి, కూర్చుని, తిని వెళ్లినట్టే ఉంటుంది. ఆ లెక్కలు చూసి పైవారు పథకం తాము రాసినట్టే నడుస్తోందని అనుకుంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు కేంద్రాలు మూసి సరుకులు ఇళ్లకే చేర్చమన్నారు. అంతకుముందు రోజు వరకూ అది నిబంధనకు విరుద్ధం. ఇంటికి ఎలా ఇస్తే తల్లికే అందుతుందో మమ్మల్ని అడిగి ఉంటే బోలెడు చెప్పేవాళ్లం. ఎవరూ అడగలేదు.

మైకేల్ లిప్‌స్కీ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త 1980లోనే చెప్పారట: ప్రజలతో నేరుగా పనిచేసే టీచర్లు, పోలీసులు, సంక్షేమ సిబ్బంది రోజూ తీసుకునే నిర్ణయాలే ఆచరణలో ప్రభుత్వ విధానం అవుతాయని. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివే మా అమ్మాయి ఈ సంగతి చెప్పినప్పుడు, మా ఆయాకు ఇది ఎప్పుడో తెలుసు అన్నాను.

ఇలా సొంతంగా నిర్ణయించుకునే వెసులుబాటు చెడుకూ పనికొస్తుంది, కాదనను. దూరమని చెప్పి తండాకు సరుకు పంపనివారూ ఉన్నారు, తమకు నచ్చని ఇంటి పిల్లను వెనక్కి పంపేవారూ ఉన్నారు. వాళ్ల రిజిస్టరూ నా రిజిస్టరులాగే నిండుగా ఉంటుంది. అందుకే మూడో గడి కావాలంటున్నాను: "వేరే విధంగా అందించాం, కారణం ఇది" అని రాసే చోటు. అప్పుడు మంచి ఏర్పాటు పక్క ఊరికి తెలుస్తుంది, మోసం బయటపడుతుంది. దీనికి బదులు ఏమిచ్చారు? 2021 నుంచి పోషణ్ ట్రాకర్, అంటే కేంద్రం వివరాలు ఫోనులో నమోదు చేసే యాప్. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని గోడ పక్కకూ చెట్టు కిందకూ తిరగాలి, లోపల పిల్లలు ఏడుస్తుంటారు. పైగా ఓటర్ల జాబితా పని, సర్వేలు. ఇంత చేయించుకుని ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైతే, అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) హక్కు ఉందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2022 వచ్చింది.

మీరు నిజంగా తెలుసుకోవాలనుకుంటే, దగ్గర్లోని కేంద్రానికి వెళ్లినప్పుడు గోడ మీది మెనూ పట్టిక చూసి వచ్చేయకండి. ఎవరు రావడం లేదు, వారికి ఎలా చేరుస్తున్నారు అని టీచర్ని అడగండి. తనిఖీకి రాలేదని ముందే చెప్పండి, లేకపోతే ఆమె రిజిస్టరు తెచ్చి చూపిస్తుంది.