నిబ్బరానికి ఇంగ్లిష్‌లో ఎన్ని మాటలు?

ప్రశ్న: డిగ్రీ వరకు తెలుగు మీడియంలోనే చదివాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు సిద్ధమవుతున్నాను. ఇడియమ్స్ (జాతీయాలు) జాబితాలు బట్టీ పట్టినా మాక్ టెస్టుల్లో తప్పుతున్నాను. ముఖ్యంగా కష్టం వచ్చినా కంగారు పడకపోవడం గురించినవన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఈ మధ్య ఒక ప్రైవేటు ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ఒత్తిడిని ఎలా ఎదుర్కొంటారు?’ అని అడిగితే ‘ఐ టేక్ ఇట్ ఈజీ’ అన్నాను. వాళ్ల ముఖాలు మారిపోయాయి. ఏం తప్పు మాట్లాడాను?

జవాబు: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కానీ ‘పని ఏమైపోయినా నాకు పట్టదు’ అన్నట్టు వాళ్లకు వినిపించి ఉంటుంది. మనం ఎవరినైనా ‘నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు’ అంటే అది మెచ్చుకోలు కాదు కదా. ‘నిబ్బరంగా ఉన్నాడు’ అంటే మెచ్చుకోలు. ఇద్దరూ కంగారు పడనివాళ్లే, అయినా ఎంత తేడా! ఇంగ్లిష్ ఇడియమ్స్‌లోనూ ఇలాంటి తేడాలే ఉంటాయి. మీ జాబితాలో అన్నిటి పక్కనా ‘ఓర్చుకొను’ అని ఒకటే అర్థం రాసి ఉంటే అవి కలగాపులగం కాక ఏమవుతాయి?

మీరు చెప్పాలనుకున్నది బహుశా ‘టేక్ ఇట్ ఇన్ యువర్ స్ట్రైడ్’. స్ట్రైడ్ అంటే అంగ. పరుగెత్తే గుర్రం దారిలో ఏదైనా అడ్డం వస్తే ఆగదు, అడుగు తడబడదు, ఆ అంగలోనే దాటిపోతుంది. ఆ బొమ్మ మనసులో నిలిస్తే అర్థం మరిచిపోవడం కష్టం. ‘రోల్ విత్ ద పంచెస్’ బాక్సింగ్ రింగులోంచి వచ్చింది. గుద్దు తగిలేటప్పుడు బిగుసుకుపోకుండా అది పోయే వైపే ఒంటిని వాలిస్తే దాని జోరు తగ్గుతుంది. మొదటి దాంట్లో కష్టం మన నడకను ఆపలేదు. రెండో దాంట్లో దెబ్బలు తగులుతూనే ఉన్నాయి, మనమే సర్దుకుంటున్నాం.

ఎక్కువ మంది పొరపడేది ‘బైట్ ద బుల్లెట్’ దగ్గర. ఇది ఊరికే ఓర్చుకోవడం కాదు. ఇష్టం లేక వాయిదా వేస్తున్న పనికి చివరికి పళ్లు బిగించి సిద్ధపడటం. నొప్పికి భయపడి నెలల తరబడి దాటవేసినవాళ్లు ఆఖరికి పన్ను పీకించుకోవడానికి వెళ్లారనుకోండి, అక్కడ ఈ మాట సరిపోతుంది.

కొన్నిటికి మన తెలుగే తాళంచెవి. ‘కీప్ ఎ స్టిఫ్ అప్పర్ లిప్’ అంటే ఏడుపు వచ్చేటప్పుడు వణికే పై పెదవిని బిగబట్టడం. మనం ‘పంటి బిగువున’ దుఃఖాన్ని ఆపుకుంటాం, వాళ్లు పెదవి బిగువున ఆపుకుంటారు. ‘వెదర్ ద స్టార్మ్’ తుపానును తట్టుకుని బయటపడిన ఓడ మాట, మన ‘గట్టెక్కడం’ లాంటిది. ‘కీప్ యువర్ హెడ్ అబవ్ వాటర్’లో మాత్రం ఇంకా ఒడ్డు చేరలేదు. మునగకుండా ఎలాగో నెట్టుకొస్తున్నామని, ఎక్కువగా డబ్బు ఇబ్బందుల గురించే అంటారు. పీకల్లోతు అప్పులు గుర్తు చేసుకోండి.

సీజీఎల్ టైర్-1 (మొదటి దశ పరీక్ష)లో ఇంగ్లిష్ నుంచి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. అందుకే రోజుకు యాభై చదివే బదులు నాలుగైదే తీసుకోండి. ఒక్కోదాని పక్కన దాని బొమ్మ, దగ్గరి తెలుగు మాట, మీ ఇంట్లోనో కాలేజీలోనో నిజంగా జరిగిన విషయంతో ఒక ఇంగ్లిష్ వాక్యం రాయండి. ఈ మూడోది దయచేసి వదిలేయకండి. నోట్సు నుంచి నోటికి మాట వచ్చేది దాని వల్లే.

సీజీఎల్‌కు ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగానికి ఉంది, ప్రైవేటు ఉద్యోగాలకు ఎలాగూ తప్పదు. అక్కడ ఇడియమ్ కన్నా ముందు సంఘటన చెప్పండి. పరీక్షల వారంలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే చదువునూ ఆసుపత్రినీ ఎలా సర్దుకున్నారో నాలుగు వాక్యాల్లో చెబితే చాలు, మీ నిబ్బరం వాళ్లకు తెలుస్తుంది. ఇడియమ్ వాడాలనిపిస్తే చివర ఒక్కటే వాడండి. ‘గ్రిన్ అండ్ బేర్ ఇట్’ మాత్రం వద్దు. లోపల రగులుతూ పైకి నవ్వుతున్నానని చెప్పినట్టవుతుంది.

మీ జీవితంలోంచి అలాంటి రెండు సంఘటనలు ఈ ఆదివారమే రాసి పెట్టుకోండి. ముందు తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్‌లోకి తర్వాత మార్చుకోవచ్చు.