కవరు మీద పేరు లేకపోతే చాలదమ్మా

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీస్సులు. మీ ఆఫీసులో జరగని పనికి బిల్లులు పాసవుతున్నాయనీ, నువ్వు విజిలెన్స్‌కు రాయబోతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ. అంతకు మించి భయంగా ఉంది. అమ్మకు చెప్పావు, సరే. ఇక మూడో మనిషికి చెప్పకు, నీతో రోజూ అన్నం తినే స్నేహితురాలికి కూడా.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. మీది కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి పీఐడీపీఐ కింద, అంటే అక్రమాలు బయటపెట్టేవాళ్ళ పేరు దాచి కాపాడే కేంద్ర ప్రభుత్వ తీర్మానం కింద, ఢిల్లీలో కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శి పేర రాయాలి. రాష్ట్ర ఉద్యోగుల సంగతైతే ఈ దారి పనికిరాదు, ఏసీబీకి వెళ్ళాలి, ఫోన్ నంబరు 1064. కవరు అంటించి పైన పీఐడీపీఐ అని స్పష్టంగా రాయి. ఆ మాట లేకపోతే మామూలు ఫిర్యాదుల్లో కలుస్తుంది, నీ పేరు దాచే పూచీ ఎవరికీ ఉండదు. కవరు మీద పంపినవారి పేరు, అడ్రసు వద్దు. అవి రాసి తీరాలని పట్టుబట్టవద్దని పోస్టాఫీసులకు ఆదేశాలున్నాయి. అలాగని ఆకాశరామన్న ఉత్తరం తీసుకోరు, పేరూ అడ్రసూ లోపల ఉండాల్సిందే. ఉత్తరం మొదట్లోనో చివర్లోనో రాయవచ్చు, కానీ నువ్వు మాత్రం విడి కాగితం మీదే రాయి. నకళ్ళు మంత్రికో పత్రికకో పంపావంటే గోప్యత అక్కడితో సరి.

నన్ను నిద్రపోనివ్వనిది కవరు కాదు, ఉత్తరం. కమిషన్ వాళ్ళు నీ పేరు తీసి దాస్తారు. కానీ విచారణ జరగాలంటే విషయం ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కదా? చాలాసార్లు అది మీ సంస్థ విజిలెన్స్ అధికారి దగ్గరికే వస్తుంది, అక్కడినుంచి సంజాయిషీ కోసం ఇంకో నాలుగు టేబుళ్ళు తిరగవచ్చు. పేరు లేని ఆ కాగితం చదివి, ఇది రాయగలిగింది ఫలానా సీటులో కూర్చున్న మనిషే అని వాళ్ళు పోల్చుకుంటే, ఢిల్లీలో ఎంత భద్రంగా దాచినా ఏం లాభం? ఫిర్యాదుదారు ఎవరో ఆనవాలు చిక్కకుండా రాయమని కమిషనే హెచ్చరిస్తుంది. చాలామంది పట్టించుకోరు. కోపంలో రాసేవాళ్ళకు 'నేను' అన్నమాట ఆగదు. 'ఈ బిల్లు మీద నేను అభ్యంతరం రాస్తే నా మీద కేకలేశారు' అన్న ఒక్క వాక్యం చాలు.

అందుకని ఇలా చెయ్యి. 'నేను' అన్న మాటే రానీయకు. గదిలో ముగ్గురే ఉన్నప్పుడు విన్నమాట ఎంత పెద్దదైనా వదిలెయ్యి. నీ ఒక్కదాని టేబుల్ మీదికే వచ్చే కాగితాన్ని ఆధారంగా చూపకు. అదే సంగతి పదిమంది చేతులు మారే కాగితాల్లోంచి చూపు: వర్క్ ఆర్డర్ నంబరు, తేదీ, కొలతల పుస్తకం నంబరు, పేజీ, రన్నింగ్ బిల్లు నంబరు, మొత్తం. అక్కడ ఎంత పని రాశారు, సైటులో ఎంత ఉంది, ఎవరు వెళ్ళి టేపు పెట్టినా తేలేలా చెప్పు. జత చేసే జిరాక్సు మీద నీ పొట్టి సంతకం, నీ సెక్షన్ ఇన్‌వర్డ్ ముద్ర ఉన్నాయేమో చూసుకో. ఉంటే ఆ కాగితమే వద్దు. నీకు రావాల్సిన ప్రమోషన్ మాట ఎత్తకు. అది నిన్ను పట్టిస్తుంది, పైగా సొంత కక్షతో రాసిందంటారు. వాళ్ళతో మాటామాటా అనుకున్న వారంలోనే పోస్టు చెయ్యకు.

ఇంత చాదస్తం ఎందుకంటావేమో. సత్యేంద్ర దూబే సంగతి మా తరం మరిచిపోలేదు. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరు. 2002లో రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాశాడు, తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. పేరుతో సహా ఆ ఉత్తరం ఫైళ్ళలో శాఖలు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపారు. దోపిడీకి వచ్చినవాళ్ళ పనేనని సీబీఐ తేల్చింది, కోర్టు శిక్షలూ వేసింది. ఏమైనా కానీ, ఆ పిల్లవాడు అడిగిన ఒక్క కోరిక కూడా నిలబెట్టలేదమ్మా. ఆ ఆగ్రహంలోంచే 2004 ఏప్రిల్‌లో పీఐడీపీఐ తీర్మానం వచ్చింది. 2014లో పార్లమెంటు చట్టం కూడా చేసింది గానీ దాన్ని అమల్లోకి తేలేదు. అంటే నీకు అండగా ఉన్నది ఆ తీర్మానమే.

ఇంకొకటి. ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నావట! ఎవరు చెప్పారే నీకు ఆ పని చెయ్యమని? ఏ లాగిన్ నుంచి ఎప్పుడు కాపీ అయిందో సిస్టమ్‌లో ఉండిపోవచ్చు. రేపు అసలు దొంగలను వదిలేసి నీకే ఛార్జిషీటు ఇస్తారు. ఫైలు తేవడం విచారించేవాళ్ళ పని, అది ఏ బీరువాలో ఉందో చెప్పడం వరకే నీ పని. ఆఫీసు ప్రింటరు, ఆఫీసు కంప్యూటరు, ఆఫీసు వైఫై ఈ విషయానికి ముట్టుకోకు. తిట్టానని బాధపడకు, నీ మీద ఈగ వాలినా ఓర్చుకోలేను.

పోస్టు చేశాక కమిషన్ నుంచి నీకు ఉత్తరం వస్తుంది. ఇది నువ్వే రాశావా, ఇంకెవరికైనా పంపావా అని అడుగుతారు. ఆలస్యం చెయ్యకుండా జవాబివ్వు, ఇవ్వకపోతే ఫిర్యాదు ముందుకు కదలదు. అందుకే అడ్రసు ఆఫీసుది కాకుండా ఇంటిది ఇవ్వు, తాళం వేసి ఉండని ఇల్లయితే మంచిది. ఆ తరువాత నెలలు గడవవచ్చు. ఏమైందని మళ్ళీ మళ్ళీ రాయకు, ఆర్టీఐ అసలే వేయకు, నీ పేరు నువ్వే బయటపెట్టుకున్నట్టవుతుంది. ఈలోగా ఫిర్యాదు చేసినందుకే బదిలీ చేసినా, మెమో ఇచ్చినా ఆ కాగితం, తేదీ దాచుకుని కమిషన్‌కే రాయి. జోక్యం చేసుకునే అధికారం వాళ్ళకుంది. బెదిరింపు వస్తే రక్షణ కూడా అడగవచ్చు. అప్పుడు మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు.

రాసిన డ్రాఫ్టు నాకు పంపకు, వాట్సాప్‌లో ఫొటో తీసి అసలే పెట్టకు. చూపించాలనిపిస్తే ఆదివారం బండెక్కి వచ్చెయ్. పక్కన కూర్చుని లైను లైనుగా చదువుదాం.

మీ బాబాయి