మూత తీసి చూపించాక పేటెంట్ వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. సన్నటి నీటి పొగ తెర మీద ప్రొజెక్టర్ వేసి, గాలిలో బొమ్మ తేలేలా మెషిన్ చేశాను. రెండేళ్ల కష్టం, మా ఆవిడ నగలు కూడా తాకట్టులో ఉన్నాయి. 8 నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఎక్స్‌పోలో పెట్టి, ఆ వీడియో యూట్యూబ్‌లో వేశాను. అక్కడ చూసిన ఒక కంపెనీ ఇప్పుడు అదే మెషిన్ పెళ్లిళ్లకు అద్దెకిస్తోంది. వీడియో తీసేసి పేటెంట్‌కు వేసి, వాళ్ల మీద కేసు పెట్టొచ్చా?

జవాబు: నగల సంగతి కోర్టు అడగదు. జనానికి చూపించింది ముందా, దరఖాస్తు వేసింది ముందా, అదొక్కటే అడుగుతుంది. మీరు ముందు చూపించారు, కాబట్టి చూపించినదానికి ఇక్కడ పేటెంట్ రాదు, పేటెంట్ లేనిదే దాని మీద కేసూ లేదు. ఎగ్జిబిషన్‌కు 12 నెలల వెసులుబాటు ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, పేటెంట్ చట్టం సెక్షన్ 31 కింద అది కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకే, మీ ఎక్స్‌పోకు కాదు.

వీడియో చూశాను. మూడో నిమిషంలో మూత తీసి, పొగ చెదరకుండా లోపల పేర్చిన జ్యూస్ స్ట్రాలను దగ్గరగా చూపించారు. దరఖాస్తు వేయకుండా మూత ఎందుకు తీశారండీ? అయినా పొగ తెర ఆలోచన ఫిన్లాండ్ వాళ్లు ఇరవై ఏళ్ల కిందటే తెచ్చారు, దానికి అప్పట్లోనే పేటెంట్ కూడా తీసుకున్నారు. ఇక ఆ భాగం మీద ఆశ వదులుకోండి.

వీడియో మాత్రం తీయకండి. తీసినంత మాత్రాన చూపించింది చూపించనట్టు కాదు, వాళ్ల దగ్గర కాపీ ఉండే ఉంటుంది. దాచిపెట్టి పేటెంట్ తెచ్చుకున్నా సెక్షన్ 64 కింద రద్దు చేయిస్తారు. పైగా రేపు ఆ కంపెనీయే పేటెంట్‌కు వేస్తే, అడ్డుకోవడానికి మీ చేతిలో ఉండే ఆయుధం అదే. అసలు ఫైలు, అప్‌లోడ్ తేదీ, ఎక్స్‌పో స్టాల్ రసీదు భద్రం చేయండి.

వీడియోలో లేనిది ఒకటి మీ ఉత్తరంలో ఉంది: గాలిలో తేమను బట్టి ఫ్యాన్ వేగం తనంతట తానే మారే ఏర్పాటు. అది నిజంగా ఎవరికీ చూపించకపోతే, ఈ వారమే దాని మీద ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. మీ ప్రాంతానికి చెన్నై పేటెంట్ ఆఫీసు, ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు, పూర్తి స్పెసిఫికేషన్‌కు, అంటే వివరాలన్నీ రాసిన పత్రానికి, 12 నెలల గడువు. అప్పటిదాకా ఆ ఫ్యాన్ కంట్రోలర్ కస్టమర్‌కు కూడా చూపించొద్దు.

అమెరికాలో అయితే సొంతంగా బయటపెట్టిన ఏడాదిలోపు వేసుకోవచ్చు, మీకింకా 4 నెలలుంది. కానీ ఇక్కడ ఉంటూ, విదేశాల్లో వేయడానికి పేటెంట్ ఆఫీసు ఇచ్చే సెక్షన్ 39 అనుమతి లేకుండా నేరుగా అక్కడ వేయడం నేరం, జైలు శిక్ష కూడా ఉంది. ముందు ఆ అనుమతి కోసం ఫారం 25 పెట్టండి.

కంపెనీ వాళ్లు మీ షెడ్డుకొచ్చి, రహస్యంగా ఉంచుతామని కాగితం మీదో వాట్సాప్‌లోనో ఒప్పుకుని ఆ కంట్రోలర్ చూసి ఉంటే కథ వేరు. ఆ మెసేజ్‌లు ఉన్న ఫోన్ మార్చకుండా తీసుకుని లాయర్‌ని కలవండి.