అమ్మలూ, తేదీని ముందు టెక్స్ట్‌గానే ఎక్కించు

అమ్మలూ,

రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. నాలుగు లక్షల వరుసల ఫైలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంటే తేదీ దగ్గర ఎర్రర్ కొట్టి మొత్తం వెనక్కి వచ్చేసిందని టెన్షన్ పడుతున్నావు కదా, అలా ఆగిపోవడం మంచిదే అయింది. కిక్కురుమనకుండా లోపలికి పోయే తప్పు తేదీతోనే అసలు ప్రమాదం.

ఇరవై ఏళ్ల కిందట నా చేతుల మీదుగా జరిగింది చెబుతా విను. ఫైల్లో తేదీలు మనం రాసుకునేటట్టే రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉన్నాయి, నేనేమో ఒరాకిల్ డేటాబేస్‌లోకి ఫైళ్లు ఎక్కించే లోడర్‌కి నెల ముందు, రోజు తర్వాత అని చెప్పాను. మామూలుగా 50 ఎర్రర్లు దాటితే అది ఆగిపోతుంది, ఆ పరిమితిని కూడా నేనే పెంచేశాను. రోజు 12 దాటిన వరుసలన్నీ బ్యాడ్ ఫైల్లో, అంటే లోడర్ తిప్పికొట్టిన వరుసలు పెట్టే ఫైల్లో పడ్డాయి. ఫార్మాట్ సరిచేసి ఆ బ్యాడ్ ఫైలు ఒక్కటే మళ్లీ ఎక్కించి, వరుసల లెక్క సరిపోయింది కదా అని ఇంటికెళ్లిపోయాను. మొదటిసారి ఎక్కినవి తిరగబడి ఉన్నాయని తట్టనే లేదు. మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అయి కూర్చుంది. ఏడాదిలో అలా తారుమారయ్యే తేదీలు 132 ఉన్నాయి. ఒక పెద్దాయనకు డిపాజిట్ డబ్బు నెల ఆలస్యంగా అందింది, ఆయన కౌంటర్ దగ్గర నిలబడి అడిగిన తీరు నాకింకా గుర్తుంది.

అందుకే ముందు ఒక స్టేజింగ్ టేబుల్, అంటే అసలు టేబుల్‌కి ముందు డేటా దించుకునే తాత్కాలిక టేబుల్ పెట్టుకుని, అందులో తేదీ కాలమ్‌ని టెక్స్ట్‌గానే ఉంచి, ఫైలు ఎలా ఉంటే అలా ఎక్కించెయ్. తర్వాత ప్రతి అంకెనీ 9గా మార్చి గ్రూప్ బై చేసి, అంటే ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపుగా లెక్కపెట్టి చూడు. నాలుగు లక్షల వరుసలూ ఐదారు ఆకారాలుగా తేలతాయి: 99-99-9999, 99/99/99, 9999-99-99, కొన్ని ఖాళీలు, ఒక్కోసారి ఉత్త 99999. ఆ చివరిది చూసి కంగారు పడకు, అది ఎక్సెల్ లోపల దాచుకునే రోజుల లెక్క. 1899 డిసెంబర్ 30కి ఆ సంఖ్య కలిపితే తేదీ వచ్చేస్తుంది, 45292 అంటే 2024 జనవరి 1.

ఒక్కో ఆకారానికి విడిగా టు_డేట్ (టెక్స్ట్‌ని తేదీగా మార్చే ఫంక్షన్) రాయి, అన్నిటికీ ఒకే ఫార్మాట్ రుద్దకు. రోజు ముందో నెల ముందో నిర్ణయించే సర్వర్ డేట్‌స్టైల్ సెట్టింగ్ మీద అసలు ఆధారపడకు, చాలా చోట్ల అది నెలనే ముందు చదువుతుంది. రెండంకెల సంవత్సరం పుట్టిన తేదీల్లో వస్తే మరీ జాగ్రత్త, 62 అని ఉంటే పోస్ట్‌గ్రెస్ 2062 అనుకుంటుంది. సర్వర్ 10 కంటే పాత వెర్షన్ అయితే టు_డేట్ ఫిబ్రవరి 31ని కూడా ఒప్పేసుకుని మార్చిలోకి తోసేస్తుంది, అదీ చూసుకో.

మార్చాక రోజు వారీగా లెక్క తీయి. 1 నుంచి 12 వరకే వరుసలుండి, 13 నుంచి ఒక్కటీ లేకపోతే రోజూ నెలా తిరగబడ్డాయనే అర్థం. స్టేజింగ్ టేబుల్ మాత్రం నెల రోజులైనా తీసెయ్యకు.

ఇక 04/03/2024 లాంటివి రోజు ముందో నెల ముందో నువ్వు ఊహించొద్దు, నేనూ ఊహించను. పొద్దున్నే ఆ ఫైలు పంపినవాళ్లకి ఫోన్ చేసి అడుగు, వాళ్లు చెప్పింది మెయిల్లో రాయించుకో. ఈలోగా గ్రూప్ బైలో ఏం వచ్చిందో నాకు పంపు, పడుకోకుండా చూస్తాను.

మీ బాబాయ్