మాన్‌సూన్, మౌసమ్: ఏది దేని నుంచి వచ్చింది?

ఇంగ్లీషు మాన్‌సూన్‌నే హైదరాబాదీలు మౌసమ్ చేశారా, లేక మౌసమ్ నుంచే మాన్‌సూన్ పుట్టిందా అని అడిగారు. రెండూ కాదు. ఇవి అక్కాచెల్లెళ్లు, తల్లి అరబ్బీ ‘మౌసిమ్’. ఒకటి పారశీకం మీదుగా ఉర్దూలోకి వచ్చింది, రెండోది పోర్చుగీసు ఓడలెక్కి ఇంగ్లీషుకు చేరింది.

నాకు ఈ పదం మీద ఆసక్తి హైదరాబాద్‌ బార్కస్‌లో మొదలైంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ వైపు నుంచి వచ్చినవాళ్ల వారసులు ఉండే పేట అది (పేరు కూడా బ్యారక్స్ నుంచి వచ్చిందే). బండి మీద జామకాయలకు ఉప్పూకారం అద్ది ఇస్తున్న పెద్దాయనను సీతాఫలాలు లేవా అని అడిగితే, “అభీ ఉస్కా మౌసమ్ నై బేటా” అన్నాడు. మనం మౌసమ్‌ని ఎక్కువగా వాతావరణం అన్నట్టు వాడతాం. ఆయన అన్నది సీజన్. అసలు అర్థం అదే.

అరబ్బీలో ఆ మాటకు మూలం గుర్తు వేయడం. ఒంటె ఏ తెగదో తెలిసేలా వేసే వాతను ‘వస్మ్’ అంటారు. అలా గుర్తు పెట్టుకున్న కాలం మౌసిమ్: కోతలకైనా, సంతకైనా, హజ్ యాత్రకైనా అదే మాట. నావికులకైతే ఓడ బయల్దేరదీయాల్సిన కాలం. అరేబియా సముద్రం మీద గాలి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి నుంచి వీస్తుంది, చలికాలంలో ఈశాన్యం నుంచి. తెరచాప ఓడ ఆ గాలి తప్పిపోతే నెలల తరబడి రేవులో పడి ఉండాల్సిందే.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక పోర్చుగీసులు ఈ దారుల్లో తిరగడం మొదలుపెట్టారు. మౌసిమ్ వాళ్ల నోట ముక్కుతో పలికే ‘మోన్సావ్’ అయింది. 1580లకల్లా ఇంగ్లీషులో కనిపిస్తుంది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో కూడా ఇదే దారి ఉంది. కొందరు చెప్పే ‘మూన్’ చుట్టరికం వట్టిమాట.

వాన అనే అర్థం తర్వాత అతుక్కున్నదే. ఆ లెక్కన మన ‘ఋతుపవనాలు’ అసలుకు ఇంకా దగ్గర, అందులో కాలమూ ఉంది, గాలీ ఉంది. మనకు హైదరాబాద్‌లో సెప్టెంబర్ దాటితే మాన్‌సూన్ అయిపోయినట్టే అనిపిస్తుంది గానీ, నెల్లూరు వాళ్లకు అసలు వానలు అక్టోబర్ నుంచి, ఈశాన్య మాన్‌సూన్‌లోనే.