రాసినాయనే పాడితే

ప్రశ్న: అన్నా, నాకు ప్రాణమైన గాయకుడు, పాటలు సొంతంగా రాసుకుని పాడే మనిషి, మా కడపలో 60 కుర్చీలు పట్టే చిన్న హాల్లో పాడతాండాడు, మైకు కూడా ఉండదంట. ఇన్నేళ్లూ ఫోన్లోనే విన్నా. యాడ కూర్చోవాల? వీడియో తీసుకోవచ్చునా?

జవాబు: తమ్ముడూ, ఎట్లైనా పో! మైకు లేదంటే ముందు వరుసలే మేలు, ఆరుబయట అయితే దూరం రెండింతలైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, హాల్లో గోడలు కొంత తిరిగిస్తాయి కానీ వెనక కూర్చుంటే మాట అలుక్కుపోతుంది, రాసినాయన పాటకు మాటే కదా ప్రాణం. ఊపిరి యాడ తీసుకుంటాడో, ఏ పదం కాడ ఆగుతాడో అదంతా ఫోన్లో దొరకదు. నేనొకసారి అనంతపురంలో చాప మీద కూర్చుని అట్లే విన్నా, పాటకూ పాటకూ నడుమ ఆయన చెప్పిన ముచ్చట్లు ఇంకా మనసులోనే ఉన్నాయి. మన రాజంపేట దగ్గర తాళ్లపాక అన్నమయ్య 1503లో పోయినాడు, రాగిరేకుల మీద మాటలు మిగిలినాయి గానీ ఆ గొంతు మనకు లేదు, తల్చుకుంటే నాకు దిగులే. వీడియో అంటావా, ఆయన్ని అడిగి ఒక్క పాట తీసుకో, తర్వాత ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకో. అయిపోయినాక దగ్గరికి పోయి ఏ పాట నీకెందుకు ఇష్టమో చెప్పు, సెల్ఫీ ఆ తర్వాతే.